కొల్లేటి గట్టు మీద అమెరికా పద్యం

ఆ ఉదయం ముస్కాన్ వేసుకున్న ప్లాన్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏలూరులో టిఫిను, కొల్లేట్లో ఒక గంట, భీమడోలులో రైలు, తాడేపల్లిగూడెంలో సెమినారు. మధ్యాహ్నం రెండింటికల్లా ఎమ్మే ఇంగ్లీషు హాల్లో నిలబడి, వందేళ్ళు దాటిన ఒక అమెరికా కవితా సంపుటిలోని పద్యం గురించి సొంత బుర్రతో, సొంత నోటితో పావుగంట మాట్లాడాలి. అంతే.

చిక్కంతా ఆ "సొంత" దగ్గరే వచ్చింది. కిందటి సెమిస్టర్లో క్లాసు క్లాసంతా బజార్లో దొరికే గైడు బట్టీ పట్టి రాసేశారు. ఆ గైడు రాసినాయనకి ఏ పద్యం చూసినా చావే కనిపిస్తుంది. పక్షి ఎగిరితే చావు, వాన కురిస్తే చావు, ఎవరైనా కిటికీ పక్కన కూర్చుని టీ తాగుతుంటే ఆ కప్పు కూడా మృత్యువుకు సంకేతమే. ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్ హెడ్డు నరసింహమూర్తి మాస్టారు ఆ పేపర్లన్నీ దిద్ది, అందరికీ సమానంగా గుండుసున్నాలు చుట్టి, ముస్కాన్ పేపరు మాత్రం చేతిలో పెట్టి మెల్లగా అన్నారు. "దస్తూరీ ముత్యాల్లా ఉందమ్మా. కానీ ఇందులో నువ్వెక్కడున్నావు?"

తిట్టినా బాగుండేది. ఆ మాట ముస్కాన్‌ని సెలవులంతా నిద్రపోనివ్వలేదు. ఈసారి మాస్టారు షరతు కూడా గట్టిగానే పెట్టారు. గైడు వాసన తగిలిందా, సెమిస్టరు మళ్ళీ మొదటి నుంచీ చదవాల్సిందే. పైగా బయటి నుంచి నిర్మల మేడమ్ అనే పెద్ద ఎగ్జామినర్ వస్తున్నారు. "పద్యాన్ని ప్రశ్నలడగండి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు, ఏది చెప్పకుండా ఊరుకున్నారు? ఇంకొకరి మాట వినకండి. పద్యం నిలబడ్డ చోటికెళ్ళి మీరూ నిలబడండి," అన్నారాయన. మిగతా వాళ్ళు ఆ ఆఖరి మాట అలంకారం అనుకున్నారు. ముస్కాన్ ఆటో మాట్లాడుకుంది.

ఎందుకంటే ఆమె ఎంచుకున్న పద్యంలో ఒక సరస్సు మాట్లాడుతుంది. దాని ఒడ్డున ఇల్లు కట్టుకున్న ఒక ఒంటరి మనిషితో మాట్లాడుతుంది. నీళ్ళకీ ఆ ఇంటి గడపకీ మధ్య ఒక పడవ పొడుగంత దూరం ఉంటుంది. పడవ పొడుగంటే ఎంత? ఆ దూరంలో నిలబడితే మనిషికి భయమేస్తుందా, వెయ్యదా? అది ఏలూరు మేడ మీద కూర్చుంటే తెలిసేది కాదు కదా!

"రైలు తప్పిపోతుందే పిల్లా," అంది వాళ్ళమ్మ నఫీసా, డబ్బాలో ఉప్మా సర్దుతూ. "నీళ్ళు చూడాలంటే మన కాలవ లేదూ?"

"కాలవ మాట్లాడదు అమ్మీ. సరస్సే కావాలి."

"నీతో అది కూడా మాట్లాడుద్దా! సరే, మీ అబ్బా టేపు ఎందుకు పెట్టుకున్నావ్?"

"కొలవడానికి," అని ముస్కాన్ పరుగెత్తింది. వాళ్ళ నాన్న హిదాయతుల్లా తివాచీలు నేస్తాడు. మగ్గం పక్కన మేకుకి వేలాడే ఆ పొడుగాటి ఇనుప టేపు లేకపోతే ఆయనకి ఆ రోజు పని సాగదు. ఆ సంగతి ముస్కాన్ సాయంత్రం వచ్చాక ఆలోచిద్దామనుకుంది.

ఆటో పెద్దమ్మ కొడుకు షాబాజ్‌ది. కిందటి ఎన్నికలప్పుడు ఆ ఆటోని పోలింగ్ సామాన్ల కోసం తీసుకుని, అద్దం మీద "ప్రభుత్వ విధులపై" అని పెద్దక్షరాల కాగితం అంటించారు. ఎన్నికలయ్యాయి, గెలిచిన వాళ్ళు గెలిచారు, కాగితం మాత్రం ఉండిపోయింది. అది ఉన్నంతకాలం ఎవరూ ఆపి లైసెన్సు అడగరని షాబాజ్‌కి దాని మీద ప్రాణం. అలా ప్రభుత్వ విధుల మీద బయల్దేరిన ఆటో భీమడోలు దాటి, దక్షిణానికి తిరిగి, రెండు పక్కలా చేపల చెరువులున్న గట్ల మీద దడదడలాడుతూ వెళ్ళి ఒక లంక ఊరి చివర ఆగింది.

అక్కడ ముస్కాన్‌కి కావలసినవన్నీ ఒకేచోట పెట్టినట్టున్నాయి. నీళ్ళు, ఒడ్డున బోర్లించిన పడవ, గట్టు మీద ఒక కాపలా పాక. ఆటో దిగిందో లేదో, మెడలో కాలేజీ ఐడీ కార్డు ఊగుతుండగా, చంకలో జిరాక్సు పుస్తకం, చేతిలో పెన్ను, ముందు పడవ కొలిచింది, రాసుకుంది. తర్వాత నీళ్ళంచు నుంచి పాక గడప వైపు టేపు లాగడం మొదలుపెట్టింది.

పాకలోంచి సత్తియ్య బయటికొచ్చాడు. ఆ చెరువుకి కాపలా అతనే, అందులో కొంత వాటా కూడా ఉంది. ముందు ఆటో అద్దం చూశాడు. తర్వాత మెడలో కార్డు చూశాడు. చివర్న టేపు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నమస్కారమండి మేడమ్ గారూ. కొలతలాండీ?"

"అవునండీ బాబాయి గారూ. నీళ్ళకీ మీ గడపకీ ఎంత దూరమో చూస్తున్నాను. ఆ చివర కాస్త పట్టుకుంటారా?"

సత్తియ్య పట్టుకున్నాడు. తన గొయ్యికి తనే కొలతలిస్తున్నట్టు మొహం పెట్టాడు. "ఇది ఐదో కాంటూరు లోపలికొచ్చేసుద్దంటారాండీ?" అన్నాడు.

కొల్లేట్లో పుట్టిన వాళ్ళకి కాంటూరన్న మాట ఎవరూ విడిగా నేర్పక్కర్లేదు. సరస్సుకి హద్దుగా గీసిన ఐదో కాంటూరు గీత లోపల చెరువు తవ్వితే సరస్సుని ఆక్రమించినట్టే లెక్క, ఏదో ఒక రోజు పొక్లెయిన్లు వచ్చి గట్లు కొట్టేస్తాయి. ఒకసారి అది చూసిన వాళ్ళకి గట్టు మీద టేపు కనిపిస్తే అన్నం సహించదు. ముస్కాన్ బుర్రలో మాత్రం ఆ ఉదయం పద్యం తప్ప ఇంకేదీ పట్టే చోటు లేదు.

"అవన్నీ నాకు తెలీవండీ. ఇక్కడ ఒకప్పుడు సరస్సు ఉండేది. ఇప్పుడు ఇల్లు కూర్చుంది. సరస్సు మళ్ళీ తన చోటికి తను వస్తానంటోంది. నేను చూడాల్సింది అంతే," అంది ఆమె హుషారుగా, కాగితం మీద టిక్కు పెట్టుకుంటూ.

సత్తియ్య టేపు వదిలేసి, పాక వెనక్కెళ్ళి ఫోను తీశాడు.

కాసేపటికి బుల్లెట్ మీద దుర్గారాజు దిగాడు. చేపల రైతుల సంఘానికి ఆయనే ప్రెసిడెంటు. ఇస్త్రీ చొక్కా, చెవి వెనక పెన్ను, బండి వెనక ఐసు పెట్టెలో బొచ్చె చేపలు. ఆఫీసర్లతో మాట్లాడటంలో చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి ఆఫీసరు జోలికి వెళ్ళకుండా తిన్నగా డ్రైవరు దగ్గరికెళ్ళాడు. షాబాజ్ అప్పటికే సత్తియ్య భార్య మంగమ్మ వడ్డించిన చేపల పులుసు ముందు మఠం వేసుకుని ఉన్నాడు.

"మేడమ్ గారు ఏ ఆఫీసండీ?"

"మాదంతా తాడేపల్లిగూడెమండీ," అన్నాడు షాబాజ్ ముల్లు తీసుకుంటూ. "ఇవాళ రెండింటికల్లా అక్కడ అప్పజెప్పాలి. పైన పెద్దాయన ఉన్నారు, నరసింహమూర్తి గారని. మహా కఠినం. ఎవరి మాటా వినద్దని మరీ మరీ చెప్పి పంపించారు."

"కొంచెం చూసీ చూడనట్టు...?"

"ఆయన దగ్గరా! గుండుసున్నా పెడతారండీ. కిందటిసారి ఏకంగా అందరికీ పెట్టారు. ఇంకొంచెం పులుసు వెయ్యండి అత్తయ్య గారూ."

ఒక్క అబద్ధం కూడా లేదు పాపం. దుర్గారాజు మాత్రం నుదురు తుడుచుకుని, ఐసు పెట్టె పక్కన పెట్టించి, ముస్కాన్ దగ్గరికెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"మేడమ్ గారూ, ఎండలో మీరు శ్రమపడటం ఎందుకండీ? మా దగ్గర రిపోర్టు రెడీగా టైపు చేసి ఉంది. ఇదివరకొచ్చిన వాళ్ళంతా అదే వాడుకున్నారు. పైన పేరు మార్చుకుని సంతకం పెట్టేస్తే చాలండి, ఆయ్."

ముస్కాన్ నోరు తెరిచింది. కొల్లేటి మధ్యలో కూడా గైడా! "ఈ పద్యం మీద కూడానా అండీ? ఇదివరకెవరొచ్చారు, మా సీనియర్సా?"

"సీనియర్లేనండీ, మీకంటే పెద్ద పెద్ద వాళ్ళు."

"మరి అందులో ఏముందండీ? చావు అనే రాసుంటుంది కదా?"

"ఇది మీరు కాదంటే మాకు చావేనండి!" అన్నాడు దుర్గారాజు కదిలిపోయి.

"నాకొద్దండీ," అంది ముస్కాన్, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని. "కిందటిసారి నేనూ అలాగే ఇంకొకరు రాసింది దించేశాను. దొరికిపోయాను. పరువు పోయింది. ఇక జన్మలో ఆ పని చెయ్యను. ఏది రాసినా నేను చూసిందే రాస్తాను. మీరు నాకేమీ చెప్పకండి, ప్లీజ్."

దుర్గారాజు రెండడుగులు వెనక్కి వేశాడు. మామూలు ఆఫీసరుని ఎలాగోలా దారికి తేవచ్చు. లంచం తినని ఆఫీసరుని కూడా ఓపిగ్గా దారికి తేవచ్చు. కానీ ఒకసారి తప్పు చేసి దొరికిపోయి, బుద్ధి తెచ్చుకుని తిరిగి డ్యూటీలో చేరిన ఆఫీసరంత ప్రమాదం కొల్లేటికి ఇంతవరకూ రాలేదు. ఆయన చేపల మేతకని గట్టు మీద వేసిన తవుడు బస్తాల గుట్టెక్కి, సిగ్నలు దొరికే చోట నిలబడి ఊరందరికీ ఫోన్లు చేశాడు.

ముస్కాన్ తలెత్తి చూసేసరికి గట్టంతా జనం. పడవల మీద కొందరొస్తున్నారు, మోపెడ్ల మీద కొందరొస్తున్నారు. వలలు అలాగే భుజాన వేసుకుని వచ్చేసిన వాళ్ళున్నారు. ఆడవాళ్ళు వచ్చి వచ్చినట్టే ఆటో ముందు బైఠాయించారు. మంగమ్మ ఆటో తాళం లాగి కొంగున ముడేసుకుంది. షాబాజ్ ఎంగిలి చేత్తో "అత్తయ్య గారూ!" అన్నాడు కానీ ఆవిడకిప్పుడు ఎవరూ అల్లుళ్ళు లేరు.

"ఆ చేతిలో కాగితం ఏంటో అందరికీ చదవండమ్మా," అంది మంగమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని. "ఇంగ్లీషులో రాసుకుని ఇంగ్లీషులో పోతారు ప్రతీసారీ. ఇవాళ తెలుగులో చెప్పి కదలండి."

ఇంతమంది పద్యం వినడానికి వచ్చారా! ముస్కాన్ గుండె పొంగిపోయింది. క్లాసులో ఈ పద్యం చదివితే ముందు బెంచీ కూడా ఆవలిస్తుంది. ఆమె ఒక బస్తా మీదకెక్కి, అప్పటికప్పుడు తెలుగు చేసుకుంటూ గొంతెత్తి చదివింది.

"నేను దెబ్బలాటకి రాలేదు. నువ్వు కూర్చున్న చోట నీకంటే ముందు నేను కూర్చున్నాను. మళ్ళీ వచ్చాను. ఒక పడవ దూరం నడిచి నీ గడప దగ్గర ఆగాను..."

గట్టంతా ఒక్కసారి గొల్లుమంది. "చూశారా, ముందు నుంచీ వాళ్ళదేనంట!" "గడప దాకా వచ్చేశారంట!" "దెబ్బలాట కాదంట, ఎంత నిదానంగా కొడతన్నారో!" ఎవరో ముసలాయన నేల మీద కూలబడ్డాడు.

"ఎవడమ్మా రాసింది అది?" మంగమ్మ గొంతు మిగతా గొంతులన్నీ దాటి వచ్చింది. "వాడు ఎప్పుడన్నా మా కొల్లేరు చూశాడా?"

"లేదండీ. ఆయనది అమెరికా."

ఈసారి ఇందాకటికి రెండింతలు గోల లేచింది. "అమెరికా కంపెనీకి రాసిచ్చేశారంట్రా!"

"కంపెనీ ఏంటండీ? ఆయన చచ్చిపోయి వందేళ్ళ పైన అయింది!"

"చచ్చిపోయినోడు ఆర్డరెలా వేశాడు?" అన్నాడు సత్తియ్య. ఆ గట్టు మీద ఉదయం నుంచీ ఎవరైనా అడిగిన మొదటి తెలివైన ప్రశ్న అది.

ఆర్డరు. ముస్కాన్ టేపు వైపు చూసింది. మెడలో కార్డు వైపు చూసింది. ఆటో అద్దం మీద "ప్రభుత్వ విధులపై" ఎండలో మెరుస్తోంది. కాంటూరు, రిపోర్టు, సంతకం, బొచ్చెల పెట్టె అన్నీ వరసగా బుర్రలో వచ్చి కూర్చున్నాయి. కాళ్ళ కింద బస్తా కదిలినట్టయింది.

"అయ్యో, నేను ఆఫీసర్ని కాదండీ! ఎమ్మే స్టూడెంటుని. ఇది పద్యమండీ, వట్టి పద్యం!"

"వట్టి పద్యానికి టేపెందుకండీ?" అన్నాడు దుర్గారాజు. "మఫ్టీలో వచ్చారన్నమాట. నాకు మొదట్నుంచీ డౌటే. ఇంత చిన్నమ్మాయిని పంపించినప్పుడే అనుకున్నాను."

"నిజంగా స్టూడెంటునేనండీ!"

"మా అమ్మాయి బేబీరాణీ స్టూడెంటే," అంది మంగమ్మ. "పుస్తకంలో ఏముందే అంటే, పరీక్ష అయిపోయిందిగా అమ్మా అంటది. నువ్వు చదువుకునే పిల్లవే అయితే ఆ పద్యానికి అర్థం చెప్పు. చెప్తే తాళం ఇస్తా. లేకపోతే సాయంత్రం మీ పెద్దాయన్నే రమ్మను."

సాయంత్రమట! భీమడోలులో రైలు అప్పటికే వెళ్ళిపోయింది. ముస్కాన్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తవుడు బస్తాల గుట్ట పైకంటా ఎక్కి, మాస్టారికి వీడియో కాల్ చేసింది. స్క్రీన్ మీద నరసింహమూర్తి గారి కళ్ళజోడు, వెనకాల హాలు, వరసగా కూర్చున్న క్లాసు కనిపించాయి.

"ఎక్కడున్నావమ్మా? తర్వాతి పేరు నీదే."

"సార్, పద్యం నిలబడ్డ చోటే ఉన్నాను సార్."

"అంటే?"

"కొల్లేట్లో సార్. వీళ్ళు నన్ను వదలట్లేదు సార్, అర్థం చెప్పేదాకా."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. వెనక కనిపిస్తున్న జనాన్నీ, వలల్నీ, పడవల్నీ చూశారు. "నేనూ వదలను. మొదలుపెట్టు," అని ఫోను తీసుకెళ్ళి నిర్మల మేడమ్ ముందున్న మైకు దగ్గర ఆనించారు.

దుర్గారాజు తొంగి చూసి, "ఆయ్, కాలేజీలాగే ఉందండీ," అన్నాడు కాస్త మెత్తబడి.

"ఆఫీసుల్లో కూడా అలాగే కూర్చుని జోగుతారు. అర్థం చెప్పాకే తాళం," అంది మంగమ్మ. ఎవరో ముస్కాన్ ఫోనుని పడవ గెడకి తాడుతో కట్టి, సిగ్నలు జారకుండా పైకెత్తి పట్టుకున్నారు.

ముస్కాన్ గొంతు సవరించుకుంది. బుర్ర ఖాళీ. ఖాళీ బుర్రలోకి ముందు ఏదొస్తుంది? బట్టీ పట్టిందే వచ్చింది. "ఈ పద్యంలో సరస్సు మృత్యువుకు సంకేతం..."

"ఏంటీ?" మంగమ్మ లేచి నిలబడింది. "కొల్లేరు చావా? ఇంతమందికి కూడెడతంటే చావంటావా? నోరు కడుక్కో ముందు!"

గట్టంతా "కాదు, కాదు" అని అరిచింది. గూడెం హాల్లో ఎవరో కిసుక్కున నవ్వడం ఫోన్లోంచి వినిపించింది. కిందటి సెమిస్టరంతా ఆ వాక్యాన్ని ఒక్కరు కూడా కాదనలేదు. ఇక్కడ ఇంతమంది ఒకేసారి కాదన్నారు. ముస్కాన్‌కి హఠాత్తుగా గాలి ఆడినట్టనిపించింది. నిజమే కదా! కాదు కదా! ఆ వాక్యం తనది కాదు, పద్యానిదీ కాదు.

పుస్తకంలోకి మళ్ళీ చూసింది, ఈసారి మొదటిసారి చూస్తున్నట్టు.

"ఆగండి. అది తప్పు. కొట్టెయ్యండి," అంది ఫోను వైపు తిరిగి. "ఇక్కడ సరస్సు 'మళ్ళీ వచ్చాను' అంటుంది సార్. పద్యంలో మళ్ళీ అన్న మాట ఊరికే ఉండదు. చావు మళ్ళీ మళ్ళీ రాదు, ఒక్కసారే వస్తుంది. ఇది ఇదివరకు వచ్చి వెళ్ళినట్టుంది. పైగా గడప దగ్గర ఆగింది. శత్రువైతే ఆగుతాడా అండీ?"

"ఆగడు, తోసుకొచ్చేస్తాడు," అన్నాడు సత్తియ్య అనుభవం మీద.

"ఆగేది ఎవరండీ? చుట్టం. పిలుపు కోసం ఆగింది. మరి ఇంట్లో ఆయన ఒక్క మాట కూడా మాట్లాడడు. ఆఖరి మూడు లైన్లూ ఇలా ఉంటాయి, వినండి. తలుపు తీసే ఉంది. లోపల రెండు కుర్చీలున్నాయి. రెండింటి కాళ్ళూ తడిసి ఉన్నాయి." చదివి, ఆపి, మళ్ళీ తనలో తనే చదువుకుంది. "ఒక్కడే ఉండే మనిషికి రెండో కుర్చీ ఎందుకు? అసలు కుర్చీల కాళ్ళు ఎందుకు తడిశాయి?"

ముస్కాన్ తలెత్తి చుట్టూ చూసింది. బస్తాల మీద నుంచి చూస్తే పాక తలుపులోంచి లోపల మంచం కనిపిస్తోంది. మంచం కోళ్ళ కింద ఇటుకలున్నాయి.

"పిన్నిగారూ, మీ మంచం కింద ఆ ఇటుకలెందుకండీ?"

మంగమ్మ అనుమానంగా చూసింది. "ఎందుకేంటి, నీళ్ళొస్తే ఎత్తుకోడానికి. అది కూడా రాసుకుంటావా?"

"రాసుకుంటానండీ!" ముస్కాన్ ఇంచుమించు గంతేసింది, బస్తా పగిలి తవుడు కారిపోయింది, ఆమె పట్టించుకోలేదు. "నీళ్ళంటే భయమున్న వాళ్ళు పారిపోతారు. పారిపోని వాళ్ళు ఇటుకలు పెట్టుకుంటారు. పద్యంలో ఆయన పారిపోలేదు సార్! కాళ్ళు తడుస్తున్నా కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా వచ్చిన వాళ్ళకి ఇంకో కుర్చీ వేశాడు. మాట్లాడలేదని మనం అనుకుంటున్నాం గానీ ఆయన జవాబు ఆ తీసి ఉన్న తలుపే. ఇది చావు పద్యం కాదు. ఒకే చోటు కోసం ఇద్దరు, ఒకరి మొహం ఒకరు చూసుకుని కూర్చోవడానికి సిద్ధపడ్డ పద్యం."

ఫోన్లోంచి ఒక గొంతు వచ్చింది, నిర్మల మేడమ్‌ది. "ఇది ఏ విమర్శకుడు అన్నారమ్మా?"

"ఎవరూ అనలేదండీ. ఇప్పుడే నాకే అనిపించింది."

"బాగానే ఉంది గానీ," మంగమ్మ ఇంకా తాళం ముడి విప్పలేదు. "చోటు ఎవరిదో తేల్చు. సరస్సుదా, ఆయనదా?"

ఆ ప్రశ్న పద్యం గురించి కాదని అందరికీ తెలుసు. ముస్కాన్‌కీ తెలిసింది. పుస్తకం వైపు చూసి నెమ్మదిగా అంది.

"కవి తేల్చలేదండీ."

"తేల్చకపోతే పద్యం ఎందుకంట?"

"తేల్చేస్తే అది ఆర్డరవుతుందండీ. తేల్చకుండా ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు కాబట్టే పద్యమయింది."

మంగమ్మ ఆ మాటని కాసేపు నమిలింది. "కూర్చోబెట్టాడు," అంది తనలో తను. "మమ్మల్ని అలా ఎవరూ కూర్చోబెట్టలేదమ్మా ఇప్పటిదాకా." అని కొంగు ముడి విప్పి తాళం తీసి, ముస్కాన్ చేతిలో పెట్టింది. "స్టూడెంటే. అందరూ వినండి, ఈ పిల్ల స్టూడెంటే!"

అప్పుడు చూడాలి! ఈలలు, చప్పట్లు, పడవల మీద వాళ్ళు గెడలతో చెక్కల్ని వాయించడం. గూడెం హాల్లో చప్పట్లు ఫోన్లోంచి వచ్చి ఈ చప్పట్లలో కలిసిపోయాయి. దుర్గారాజు అయితే తన కన్న కూతురికి ఫస్టు ర్యాంకు వచ్చినట్టు కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

"సార్, వినిపించిందా సార్?" అని ముస్కాన్ అరిచింది.

"వినిపించింది," అన్నారు నరసింహమూర్తి మాస్టారు. "నీ తర్వాత మాట్లాడాల్సిన వాళ్ళు ముగ్గురు, జ్వరమని చెప్పి బయటికెళ్ళిపోయారు. మేడమ్ ఏదో అంటున్నారు, విను."

నిర్మల మేడమ్ అన్నది ఏమిటంటే, వచ్చే నెల వాళ్ళ యూనివర్సిటీలో పెద్ద సదస్సుంది, దానికి ఈ అమ్మాయి రావాలి, వచ్చి ఇదే మాట్లాడాలి, చేతిలో కాగితం లేకుండా మాట్లాడాలి. ముస్కాన్ ఆ మాట పూర్తిగా వినలేదు. అప్పటికే ఆడవాళ్ళు ఆమెని బస్తాల మీద నుంచి దించి, ఒళ్ళంతా అంటిన తవుడు దులిపి, ఒకరి తర్వాత ఒకరు బుగ్గలు పుణుకుతున్నారు. బొచ్చెల పెట్టె ఆటో ఎక్కింది. ఆ రిపోర్టులా దీన్ని ఆమె వద్దనలేదు. ఇది పరీక్ష అయ్యాక ఇచ్చింది కదా!

ఆటో గట్టు మలుపు తిరగబోతుంటే ఎదురుగా ఒక జీపు వచ్చింది. షాబాజ్ పక్కకి తీసి దారిచ్చాడు. జీపులోంచి నలుగురు దిగారు. ఒకరి చేతిలో టేపు, ఒకరి దగ్గర మూడుకాళ్ళ సర్వే యంత్రం, ఒకరి చంకలో మ్యాపులు, ముందు నడుస్తున్నాయన చేతిలో ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం.

"మేము సర్వేకొచ్చామండీ," అన్నాడాయన గంభీరంగా.

గట్టు మీద జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని హాయిగా నవ్వారు. సత్తియ్య నాలుగు బస్తాలు వరసగా వేశాడు. దుర్గారాజు ఈసారి తన ఫోను గెడకి కట్టమని సైగ చేశాడు.

"రండి బాబూ, కూర్చోండి. మీదే కాలేజీ?" అంది మంగమ్మ ఎంతో ఆప్యాయంగా. "భయపడకండి. ముందు ఆ కాగితం తెలుగులో చదవండి, తర్వాత మీకేమనిపించిందో మీ సొంత మాటల్లో చెప్పండి."

ఆ నలుగురూ సాయంత్రం దాకా అక్కడే ఉన్నారని తర్వాత తెలిసింది. పాపం, బొత్తిగా ప్రిపేరవకుండా వచ్చారు.